దాహం వేయని ఆడవాళ్ళు

చొక్కాలు కుట్టే షెడ్డులో పక్క కుర్చీ కింద తడిని మొదట చూసింది కాలర్లక్కే. కుర్చీలో గుండీలమ్మ తలదించుకుని గుండీలు కుడుతూనే ఉంది. ఇద్దరు పిల్లల తల్లి. అప్పటికి రెండుసార్లు బిళ్ళ అడిగింది. బాత్రూంకి వెళ్ళాలంటే సూపర్వైజరు బల్ల మీది ఇత్తడి బిళ్ళ పట్టుకెళ్ళాలి. నలభైమందికి ఒక్కటే బిళ్ళ.

"నీ ఒక్కదానికేనా వచ్చింది? ఈ కట్ట అయ్యాక చూద్దాం" అన్నాడతను.

కాలర్లక్క కుచ్చెళ్ళు పైకి తీసుకుని కుర్చీ జరుపుకుంది. "ఛీ" అంది, మెల్లగానే. గుండీలమ్మకి వినపడింది.

మర్నాడు ఆమె పనికి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం కాలర్లక్క ముందుగదిలో పదిహేనుమంది చేరారు. అర్జీ రాసిపెట్టడానికి ఆమె చెల్లెలి కూతురు వచ్చింది. కాలేజీలో తత్వశాస్త్రం చదువుతోంది.

"మరుగుదొడ్ల సౌకర్యం కల్పించవలసిందిగా కోరుతున్నాం, అని రాయమ్మా" అంది ఇస్త్రీ వదిన.

"రాస్తాను. హక్కూ న్యాయం తర్వాత. ముందు ఆ షెడ్డులో పొద్దుణ్ణుంచి మీ ఒంటికి ఎలా ఉంటుందో చెప్పండి. అక్కణ్ణుంచి పుట్టకపోతే ఎంత పెద్ద రాజకీయమైనా ఉత్త మాటే."

"ఇలాంటి చదువులు కూడా ఉన్నాయటే! మా ఒంటి సంగతులు పరీక్షల్లో అడుగుతారా?"

గది గొల్లుమంది.

"ఏముంది, నాకసలు దాహమే వెయ్యదు" అందొకామె.

"నాకూ అంతే. అలవాటైపోయింది."

"నాది ఒంటె కడుపంటాడు మా ఆయన."

ఒకరి తర్వాత ఒకరు అదే మాట. పదో మనిషి చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"అందరికీ దాహం వెయ్యదా?" అందా అమ్మాయి. "వచ్చినప్పట్నుంచి మీరు తాగుతుంటే బిందె రెండుసార్లు నింపాను పెద్దమ్మా!"

ఒకామె చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"అయితే బిళ్ళ వాడి బల్ల మీద లేదు" అంది ఇస్త్రీ వదిన నెమ్మదిగా. "మన గొంతులో ఉంది."

కాలర్లక్కకి తల కొట్టేసినట్టయింది. "వాణ్ణి అనాల్సిన మాట నేను దాన్ని అన్నాను" అంది. "ఛీ అన్నాను."

"ఊరుకో అక్కా. నేనూ చూసి, చూడనట్టే కుట్టుకున్నా."

అందరూ లేచి గుండీలమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె తలుపు సగమే తీసింది.

"ఏం, ముక్కు మూసుకోడానికి వచ్చారా?"

"తిట్టవే" అంది కాలర్లక్క.

"తిట్టను. రేపు పనికొస్తాను. నువ్వు మాత్రం నాతో మాట్లాడకు."

రాత్రికల్లా మాట అందరికీ చేరింది. సోమవారం పొద్దున్నే నలభైమందీ సూపర్వైజరు చూస్తుండగా కడుపునిండా నీళ్ళు తాగారు. పదిన్నరకి వరస వరసంతా లేచింది. బిళ్ళ ఎవరూ అడగలేదు. అతను పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"కాలర్లక్కా, నువ్వైనా చెప్పు. ఇన్నేళ్ళలో ఒక్క మాట ఎదురు చెప్పలేదు నువ్వు."

"అందుకే తలెత్తుకోలేకపోతున్నాను. తప్పుకో!"

ఆ సాయంత్రమే ఆమెని పనిలోంచి తీసేశారు.

మర్నాడు ఆమె గేటు బయట నిలబడింది. లోపల ఒక్క మిషనూ కదల్లేదు. సూపర్వైజరు గుండీలమ్మ దగ్గరికి వచ్చాడు.

"నిన్ను ఛీ అన్న మనిషి కోసమా ఇదంతా?"

"ఆవిడతో నాకు మాటల్లేవు" అంది గుండీలమ్మ, గేటు దాకా వినపడేట్టు. "అది మా ఇద్దరి సంగతి, మేం చూసుకుంటాం. నువ్వు ముందు గేటు తియ్యి."