జతలేని చెవి

"నీళ్ల ఆఫీసులో ఉద్యోగం, ఇంట్లో కుళాయి కారుతుంటే పట్టించుకునే దిక్కు లేదు!" అని మా ఆయన పేపరు వెనకనుంచి నవ్వాడు. అత్తగారూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. గిన్నెలు తోమి, టిఫిన్ డబ్బాలు సర్ది, వాషర్ మార్చి ఆఫీసుకి బయల్దేరాను. మార్చిన సంగతి ఎవరూ గమనించలేదు. కారని కుళాయిని ఎవరు చూస్తారు?

ఆఫీసులో నా పని, రోడ్ల కింద గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో కనిపెట్టడం. వాల్వు గుంతల్లో టార్చిలైటంత సెన్సార్లు అతికిస్తాం. నీళ్లు కారే చప్పుడు అవి పట్టుకుంటాయి. ఒక్కటే ఉంటే ఎక్కడో కారుతోందని మాత్రం తెలుస్తుంది. గొట్టానికి అటొకటి, ఇటొకటి జతగా ఉంటేనే, చప్పుడు ఏ వైపుకి ముందు చేరిందో చూసి తవ్వాల్సిన చోటు చెప్పగలం. మాకిచ్చినవి నలభై. వాటికి చోట్లు తేల్చడానికి నాలుగు నెలలు గొట్టాల మీద పెట్టిన ఇనుపకడ్డీకి చెవి ఆనించి వీధివీధీ తిరిగాను. సాయంత్రం ఇంటికొస్తే అదే చెవిలో, "కూరలో ఉప్పెక్కువైంది, ధ్యాసెక్కడ పెట్టావ్?"

పటం గీసి ఇచ్చాను. ఇంజనీరుగారు ఎర్రసిరాతో ఒకే ఒక్క గుర్తు మార్చి సంతకం చేశారు. పాతపేట జతలో ఒకదాన్ని తీయించి పెద్దాఫీసరు ఇంటి ముందు పెట్టించారు. "వచ్చినవాళ్లకి చూపించడానికి బావుంటుందమ్మా" అన్నారు. జత విడిపోతే రెండోది ఎక్కడ తవ్వాలో చెప్పలేదని చెప్పాను. "మీకన్నీ అనుమానాలే" అన్నారు. మా ఆయన కూడా ఇదే మాట అంటాడు, కాకపోతే 'మీకు' అనడు.

పాతపేటలో మిగిలిన ఆ ఒక్క సెన్సారు పదకొండు వారాలు చప్పుడుందని చెబుతూనే ఉంది. మూడుచోట్ల తవ్వారు. ఏమీ దొరకలేదు. "దానికి పిచ్చెక్కింది, ఆపేయండి" అన్నారు ఇంజనీరుగారు. ఆపింది నేనే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బట్టలు మడతపెట్టాను. ఏమీ అనిపించలేదు.

పోయిన వారం పాతపేటలో కారిన నీళ్లకి కింద మట్టి కొట్టుకుపోయి ఓ టైలరమ్మ గది నేల కుంగిపోయింది. కుట్టుమిషనుతో సహా ఆవిడ మోకాళ్ల లోతు దిగబడింది, కాలు విరిగింది. ఆవిడ ఫిర్యాదు చేసింది. విచారణకు పంపే నివేదిక నిన్న నా టేబుల్ మీదికి వచ్చింది. సెన్సార్ల చోట్లు ఎంచడంలో పొరపాటు జరిగిందని రాసి, కింద నా పేరు, సంతకానికి ఖాళీ. "పెట్టేయండమ్మా, మీకైతే మెమోతో పోతుంది. నాకు ప్రమోషనుంది" అన్నారు ఇంజనీరుగారు.

భోజనాల దగ్గర చెప్తే, "పెట్టేయ్, గొడవెందుకు? నువ్వేమన్నా పైకెళ్లేదానివా?" అన్నాడు మా ఆయన. "మా కోడలికి నోట్లో నాలుక లేదు" అని అత్తగారు మురిసిపోయారు. పదహారేళ్లలో ఈ ఇంట్లో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. లేచి కంచాలు తీశాను.

ఈరోజు మధ్యాహ్నం పాతపేటకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే సరిగ్గా తెలియదు. టైలరమ్మ వాళ్ల అక్క ఇంట్లో మంచం మీద ఉంది, కాలికి పిండికట్టు. దిండుకి ఆనుకుని కూర్చుని ఎవరిదో జాకెట్టుకి హుక్స్ కుడుతోంది. నీళ్ల ఆఫీసు నుంచి వచ్చానంటే తల ఎత్తలేదు.

"మూడు నెల్లబట్టీ గోడ కింద బుస్సుమంటూ ఒకటే చప్పుడమ్మా. మా ఆయన్ని వినమంటే, నీ చెవులకేదో రోగమొచ్చింది పో అన్నాడు. మీ ఆఫీసుకొచ్చి చెప్తే నవ్వారు. ఇంక నాకే పిచ్చేమోనని ఊరుకున్నా." సూదిలో దారం ఎక్కిస్తూ, "నాకు తప్ప ఎవరికీ వినపళ్లేదు" అంది.

సంతకం పెట్టని నివేదిక హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. దాని కింద నా పటం, పాతపేట దగ్గర ఎర్రసిరా గుర్తు, పక్కన ఇంజనీరుగారి సంతకం. పటం తీసి ఆవిడ ఒళ్లో పరిచాను.

"విచారణలో ఇది చూపించండి. నేనూ వచ్చి చెప్తాను" అన్నాను. "నాకూ వినిపించింది."