తడి ముడి

తడిసిన గుడ్డకి పడ్డ ముడి అంత త్వరగా ఊడదు కదా, మరి ఆ రోజు తన వేళ్ళకి అంత సులువుగా ఎలా ఊడింది, అని చిన్నమ్మి మళ్ళీ అక్కడికే వచ్చింది. చేతులు మాత్రం పిల్లల తువ్వాళ్ళు పిండుతూనే ఉన్నాయి. రంగూన్‌లో లమ్మడా పేటలోని ఆ బడిలో ఆమె ఆయా. బుధవారం బుధవారం బడి వెనక కొలనులో ఈత పాఠం. ఒడ్డున నిలబడి తువ్వాళ్ళు అందించాలి, తడి బట్టలు పిండి ఆరెయ్యాలి. నీళ్ళ వైపు చూడకుండా ఆ పని చెయ్యడం రెండేళ్ళలో అలవాటైంది.

భీమిలి సముద్రం పక్కన పుట్టింది. ఈత ఎప్పుడొచ్చిందో ఆమెకే గుర్తులేదు. పెళ్ళై రంగూన్ వచ్చాక ఆ సంగతి ఎవరూ అడగలేదు. రెండేళ్ళ కిందట ఆడపడుచు కొత్త కాపురానికి నది అవతలి ట్వంటే ఊరి కుండలు కావాలన్నారు. వెళ్ళి తేవలసింది కోడలు. నది దాటే చిన్న పడవ, సాంపాన్ ఎక్కే ముందు అత్త వెంకమ్మ, తన ఇంటి ఆడవాళ్ళు పిల్లతో పడవెక్కినప్పుడల్లా చేసినట్టే, పెద్ద మనవరాలు తాయారు నడుముకి చిన్నమ్మి కొంగు చుట్టి తన చేత్తో బిగించి ముడేసింది. "దిగినదాకా ఇప్పకే కోడలా. పిల్ల జాగర్త."

నది మధ్యలో, స్టీమరు లేపిన అలకి సాంపాన్ బోర్లాపడింది. నీళ్ళ కింద పిల్ల మెడకి చుట్టుకుంది, చీర కాళ్ళకి చుట్టుకుంది. ఇద్దరూ కిందికే పోతున్నారు. చిన్నమ్మి ముడి విప్పింది. మెడ మీది చిన్న చేతులు ఊడదీసింది. మళ్ళీ పట్టుకుందామనే. కానీ చాచిన చేతికి నీళ్ళే తగిలాయి. పట్టుకుందామనేనా? లేక ముందు తనకి ఊపిరి కావాలనా? ఏ ఆలోచన ముందొచ్చింది? అన్నం వారుస్తూ, అత్త కాళ్ళు పడుతూ, ఇదే ప్రశ్న రెండేళ్ళుగా.

ఓడరేవులో మేస్త్రీ చేసే భర్త వెంకటరాజు ఆమెను తిట్టలేదు. విస్తరి ముందు కూర్చుని ఒక్కసారి అడిగాడు. "ముడి ఎవులిప్పీసేరే?"

"నానే."

అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాత్రం ఆమెకి వినపడేలాగే అన్నారు. "సేప కడుపున పుట్టినాదమ్మా. పిల్లనొగ్గీసి తాను తేలింది!" ఆమె బిందె నింపుకుని ఇంటికి వచ్చింది. ఆ వేళ కూడా వంట చెయ్యాలి.

ఈ నెల నుంచి ఆడపిల్లలకీ ఈత నేర్పుతామని బడివాళ్ళు కాగితం ఇచ్చారు. దాని మీద తండ్రి వేలిముద్ర కావాలి. అదే బడిలో చదివే ఎనిమిదేళ్ళ చిన్నకూతురు కోటేశ్వరి ఎగిరి గంతేసింది. వెంకటరాజు కాగితం తోసేశాడు. "మనింట్లో ఒకర్తి ఈదింది సాలదేటి?"

గడువు ఇవాళే. ఖాళీ కాగితం చిన్నమ్మి కొంగు ముడిలో ఉంది. కోటేశ్వరి కొలను మెట్ల మీద కూర్చుని తోటి పిల్లల్ని చూస్తోంది.

ఇవాళ మా టిన్ అనే బర్మా పంతులమ్మ పిల్లల్ని పాఠం మధ్యలోనే నీళ్ళలోంచి పైకి రమ్మంది. ఒడ్డునే ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరి మెడ ఒకర్ని పట్టుకోమంది. "మునిగేవాళ్ళు భయంతో ఇలాగే పట్టేస్తారు. అలాగే ఉంటే ఇద్దరూ పోతారు. ముందు విడిపించుకోవాలి. తర్వాత వెనకనుంచి పట్టుకోవాలి."

తువ్వాలు పిండుతున్న చిన్నమ్మి చేతులు సగంలో ఆగిపోయాయి.

కోటి పరుగెత్తుకొచ్చి, వంగి ఉన్న తల్లి మెడకి రెండు చేతులూ పెనవేసింది. "అమ్మా, నాను ములిగిపోతన్నాను! ఇడిపించుకో!"

చిన్నమ్మి కదల్లేదు.

"ఓలమ్మ! కొయ్యలాగున్నావేటి? ఇద్దరం సచ్చిపోమా? నా సేతులు తియ్యే."

"తియ్యలేనమ్మా."

"తియ్యకపోతే మరి నన్నెలాగ అట్టుకుంటావు?"

పిల్లే తల్లి వేళ్ళని తన మణికట్ల మీద పెట్టుకుంది, చేతులు వదిలించుకుంది, వెనక్కి తిరిగి తల్లి గుండెకి వీపు ఆనించి నిలబడింది. "ఇప్పుడట్టుకో."

చిన్నమ్మి పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. ఆ రోజు తను చేసింది పాఠంలో సగం. మిగతా సగానికి నది వ్యవధి ఇవ్వలేదు. ఈ సంగతి తెలిసినంత మాత్రాన తాయారు రాదు. అలా వెనక్కి తిరగాలని తాయారుకి ఎవరూ నేర్పలేదు. ఈత వచ్చిన తల్లి కూడా.

కోటి చెయ్యి పట్టుకుని ఆమె పంతులమ్మ బల్ల దగ్గరికి నడిచింది.

"తండ్రి వేలిముద్ర వేశాడా?" అంది మా టిన్.

"ఆయన ఎయ్యడు. తల్లి వేలు పనికిరాదా?"

మా టిన్ ఆమె ముఖంలోకి చూసి, సిరా డబ్బీ ఇటు జరిపింది.

తువ్వాళ్ళ నీళ్ళకి కొంగు తడిసి ముడి బిగుసుకుపోయింది. "నాను ఇప్పుతానుండు," అంది కోటి.

"వద్దు. నానే ఇప్పుతాను."

తొందరపడకుండా, గోళ్ళతో, ఒక్కో మెలికా వదులు చేసి విప్పింది. కాగితం బల్ల మీద పరిచి, బొటనవేలు సిరాలో అద్ది, తండ్రి అని రాసి ఉన్నచోట గట్టిగా ఒత్తింది.