ఆఖరిది వాడకూడదట

నేను ఒక చిన్న గాజు సీసాను. ఫ్యాక్టరీలో నా కడుపులో మందు పోసి, మంట మీద మూతి మూసేశారు. మెడ విరిస్తే తప్ప నాకు పని లేదు. ఒంటరిగా నేను పెద్దగా చేసేదీ ఏమీ లేదు లెండి. ఆపరేషన్‌కు వెన్నులో ఇచ్చే మత్తుమందులో నన్ను కాస్త కలిపితే ఆ మత్తు ఇంకొన్ని గంటలు నిలుస్తుంది, నొప్పి ఆలస్యంగా, నెమ్మదిగా వస్తుంది. సూది దిగే ఆ వేళ దాటిపోతే ఆ మనిషికి నేనెందుకూ కొరగాను.

నాతోపాటు వచ్చినవన్నీ ఖర్చయిపోయాయి. సముద్రం ఒడ్డున ఉన్న ఓ సర్కారు ఆసుపత్రిలో, నర్సుల గది బీరువాలో నేనొక్కదాన్నే మిగిలాను. తాళంచెవి హెడ్ నర్సు ఎస్తేరమ్మ నడుముకు ఉంటుంది. బియ్యం డబ్బా అడుగు కనబడకూడదని ఇంట్లో ఎప్పుడూ గుప్పెడు మిగిల్చే మనిషి. బీరువా దగ్గరా అదే పద్ధతి.

ఆ రోజు చేపలమ్ముకునే పోలమ్మకు తొడ ఎముక విరిగితే ఆపరేషన్ బల్ల ఎక్కించారు. మత్తు డాక్టరు వసుంధర నా కోసం గబగబా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

"ఒక్కటే ఉంది మేడమ్. ఆఖరిది వాడకూడదు. రేపెవరికైనా అవసరమైతే?" అంది ఎస్తేరమ్మ.

ఇవాళ బల్ల మీదున్నావిడకు అవసరం కాదా అని అరవాలనిపించింది. గాజుకు గొంతెక్కడిది? డాక్టరు ఉద్యోగానికి కొత్త. పెద్దావిడ మాట కాదనలేక ఉత్త చేతులతో వెళ్లిపోయింది.

సాయంత్రానికి మత్తు దిగి, గోడ అవతల పోలమ్మ ఏడుపు మొదలైంది. మామూలు నొప్పి ఇంజెక్షన్ ఇచ్చారు, చాలలేదు. ఎస్తేరమ్మ రాతిగుండెది కాదండీ, అదే నా బాధ. డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లలేదు. పోలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది, చెమట తుడిచింది, ప్రార్థన చేసింది. గోడకు ఇవతల నేను నిండుగా నిలబడి అంతా విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికెళ్లే రోజు పోలమ్మ నర్సుల గది గుమ్మం దగ్గర ఆగి ఎస్తేరమ్మ చేతులు పట్టుకుంది.

"నీ కాడున్న మందంతా నాకే ఇచ్చేసినావు తల్లీ. సల్లగుండు."

ఎస్తేరమ్మ లోపలికి వచ్చి బీరువా తెరిచింది. నన్ను అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, కళ్లు తుడుచుకుంది. ఇప్పటికైనా నన్ను ఆపరేషన్ గదికి పంపుతుందేమో, తర్వాత వచ్చే మనిషికైనా పనికొస్తానేమో అని ఆశపడ్డాను.

కొత్త సరుకు ఇంకా రాలేదు. నన్ను మళ్లీ అక్కడే పెట్టి తాళం వేసింది. పడిందో లేదో అని ఓసారి లాగి చూసుకుంది.