గీకక్కర్లేని గీత

"లైన్ మీద నొక్కాలి, లేయర్ ఎంచుకోవాలి, రంగు మార్చాలి..." పెదవులు కదుపుతూ నీటి సరఫరా ఆఫీసు మెట్లెక్కుతున్నాడు మ్యాపులాయన. కొత్త సాఫ్ట్‌వేర్ నోట్సు అరవై నాలుగు వరసలు. నెల రోజులుగా బట్టీ పట్టాడు. నిద్రలో లేపి అడిగినా పొల్లుపోకుండా ఒప్పజెప్పగలడు. మౌసు ముట్టుకోమంటేనే చెమటలు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరి నీటి గొట్టాలన్నీ చేత్తోనే గీశాడాయన. ట్రేసింగ్ కాగితం మీద ఇంకు గీత ఒక్కటి పక్కకు జరిగితే చాలు, బ్లేడుతో గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ గీయడానికి సగం పూట పట్టేది. అందుకే చెయ్యి ఆనించే ముందే గీతంతా మనసులో గీసుకునేవాడు. పెన్ను ఒరిపిడికి చూపుడువేలి పక్కన కాయ కాచింది.

చేతి పటాలు ఈ రోజుతో ఆఖరు. సాయంత్రంలోగా తూర్పు వీధి లైను కంప్యూటర్లో గీసి చూపిస్తేనే మ్యాపుల కుర్చీ ఆయనది. లేదంటే రేపటి నుంచి స్టోరు గదిలో గొట్టాలకు కాపలా. నేర్పడానికి వచ్చిన అమ్మాయికీ ఇక్కడ ఇదే చివరి రోజు. సాయంత్రం బస్సుకి ఇంకో ఊరు.

"ఒప్పజెప్పింది చాలు బాబాయ్ గారూ, ఇక చెయ్యి పెట్టండి," అందామె.

"తప్పు పడితే?"

"పడనీండి. మీ సొమ్మేం పోదు."

గీశాడు. మూడో వాల్వు దగ్గర గీత వంకర పోయింది. క్షణంలో ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి, బ్లేడుతో బయటికొచ్చి, తెర దాకా పోయింది.

"అయ్యయ్యో! స్క్రీను గీకేస్తారా ఏంటి?" ఆయన చెయ్యి పట్టుకుని పడీ పడీ నవ్విందామె. ఆయనా సిగ్గుపడుతూనే నవ్వాడు. ఆమె రెండు మీటలు కలిపి నొక్కింది. వంకర గీత మాయం. మరక లేదు, గరుకు లేదు.

"మళ్ళీ చెయ్యి తల్లీ!"

"నేను కాదు, మీరు. ఈసారి కావాలనే చెడగొట్టండి."

చెడగొట్టాడు. గొట్టాన్ని ఆఫీసరు గది మధ్యలోంచి పోనిచ్చాడు. కుళాయిని నడిరోడ్డు మీద నిలబెట్టాడు. చెరిపేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా చెయ్యడానికి భయపడిన తప్పులన్నీ గంటలో చేసేశాడు. నోట్సు ఎప్పుడు కింద పడిందో చూసుకోలేదు. మధ్యాహ్నం దాటాక వేళ్ళు వాటంతట అవే నడిచాయి.

సాయంత్రం తూర్పు వీధి లైను పూర్తయ్యేసరికి ఆఫీసరు వచ్చి తెర మీదికి వంగాడు. "రెండో మలుపులో వాల్వు ఉందా? పాత పటంలో లేదే?"

"ఉందండీ. దగ్గరుండి వేయించాను. కాగితం మీద చోటు చాల్లేదంతే."

"అయితే రేపు పడమటి వీధి మొదలుపెట్టండి," అనేసి వెళ్ళిపోయాడు ఆఫీసరు.

"విన్నావా అమ్మాయ్!" అంటూ పక్కకు తిరిగాడు. కుర్చీ ఖాళీ. బస్సు వేళ దాటి అరగంటయింది. పనిలో ఉన్న మనిషిని కదిలించడం ఎందుకనుకుందేమో, చెప్పకుండానే వెళ్ళిపోయింది. కీబోర్డు పక్కన, ఆయన కోసం సాసరు మూత పెట్టి ఉంచిన టీ గ్లాసు, మీగడ కట్టి, చల్లగా.