మీసాలు పెట్టిన చెయ్యి

"టేబుల్ మీద నది ఇంకా ఆరలేదు, కంచాలు కింద పెట్టెయ్" అన్నారు నిన్న మా ఆయన.

మీకు నవ్వొస్తుంది గానీ, శనివారం వచ్చిందంటే మా ఇంట్లో ఇది మామూలే. అన్నం తినే టేబుల్ మీద ఆయన యుద్ధం పరుస్తారు. థర్మాకోల్ కోసి కొండలు, రంపపు పొట్టుకి పచ్చరంగు కలిపి గడ్డి, జిగురు పోసి నది. వాటి మీద వేలెడంత కూడా లేని సీసపు సైనికులు, ఇటు నీలం కోట్లు, అటు ఎర్ర కోట్లు. రెండొందల ఏళ్ళ కింద అయిపోయిన యుద్ధాన్ని ఆదివారం పూట ఆయనా, ఆయన స్నేహితులిద్దరూ టేపు పెట్టి కొలుచుకుంటూ, పాచికలేసుకుంటూ మళ్ళీ చేస్తారు. ఒకాయన రిటైరైన బస్సు కండక్టరు, అందరూ కమాండర్ అంటారు. ఇంకొకాయన డ్రాయింగు మాస్టారు. పదకొండేళ్ళుగా వస్తున్నారు. టీ ఇచ్చేది నేను. కొండ మీద కప్పు పెట్టకూడదు, నదిలో అసలే పెట్టకూడదు, అన్నీ నాకు కంఠతా వచ్చు. ఉన్న నాలుగు కుర్చీల్లో మూడు వాళ్ళవి. నాలుగోదాంట్లో చచ్చిపోయిన సైనికుల డబ్బా ఉంటుంది.

మూడేళ్ళ కింద ఒకరోజు ఆయన ఒక సైనికుడికి మీసం పెడుతుంటే కుంచె చెవిదాకా పోయింది. తుడిచి మళ్ళీ పెట్టారు, ఈసారి ముక్కు మీదికెక్కింది. చెయ్యి వణుకుతోంది. డాక్టరు మాత్రలిచ్చాడు గానీ పెద్దగా తగ్గలేదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆ సైనికుణ్ణి చెత్తబుట్టలో పడేశారు. నేను ఊడుస్తూ చూసి పైకి తీశాను. కళ్ళద్దాల షాపులో ఆవగింజంత స్క్రూలు రోజంతా బిగించే చెయ్యి నాది. బొమ్మని సీసా మూతకి అంటించి, కుంచె కొన సన్నగా చేసుకుని, ఊపిరి బిగబట్టి మీసం గీశాను. టేబుల్ మీద పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మర్నాడు చూస్తే స్టవ్ పక్కన మీసాల్లేని వాళ్ళు ముగ్గురు నిలబడి ఉన్నారు. పక్కన ఒక చీటీ. "కాలర్లు పసుపు, బొత్తాలు తెలుపు." మా ఆయన అడగడమంటే అదే.

అలా రెండొందల నలభై మంది అయ్యారు. షాపు నుంచి వచ్చి వంట మొదలుపెట్టేలోపు ఒక గంట, అది నాది. నిజం చెప్పొద్దూ, ఆ గంట కోసం పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని. ఒక్కొక్కడికీ ఒక్కో మొహం పెట్టాను. ఒకడు ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాడు, ఒకడు పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడు. ఆదివారం కమాండర్ ఒకణ్ణి ఎత్తి చూసి "అబ్బ, ఏం చెయ్యిరా నీది!" అనేవాడు. ఈయన గొంతు సవరించుకుని "ఏదో, ఖాళీ దొరికినప్పుడు" అనేవారు. పక్కగదిలోంచి అత్తయ్య అందుకునేది. "వాడికి చిన్నప్పట్నుంచీ చేతిలో కళ ఉంది. కోడలికేం తెలుస్తుంది, దులపమంటే దులుపుతుంది." నేను కప్పులు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళి, గోళ్ళ సందున ఉన్న నీలం రంగు రుద్దుకునేదాన్ని.

పోయిన ఆదివారం మాస్టారు అన్నాడు, రెండు వారాల్లో లైబ్రరీ హాల్లో ప్రదర్శనట, అందరి ముందూ కూర్చుని గంటసేపు రంగులేసి చూపించాలట. "మీ పేరు ఇచ్చేశాను." ఈయన "ఓ, దానికేం" అనేశారు. వాళ్ళు అటు వెళ్ళగానే మంచం మీద కూలబడ్డారు. కాసేపటికి మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నారు. "నీకు ఒంట్లో బాలేదని చెప్పేద్దాం. నిన్ను వదిలి రాలేనని."

ఈ ఇంట్లో నాకు ఎన్నిసార్లు ఒంట్లో బాలేకపోయిందో! ఆడపడుచు ఇంటికి వెళ్ళడం ఆయనకి ఇష్టం లేకపోతే నాకు తలనొప్పి, సెలవురోజు ఆయన్ని ఆఫీసర్ పిలిస్తే నాకు కడుపునొప్పి. నిజంగా జ్వరమొచ్చిన రోజు మాత్రం లేచి వండాను. రంగులేసే చెయ్యి నాది, ఇప్పుడు జబ్బు కూడా నాదేనట. మెప్పు ఒక్కటే ఆయనది. పోనీ కోపం తెచ్చుకుందామంటే, కుడిచెయ్యి దుప్పటి కింద దాచుకుని కూర్చున్నారు మనిషి. జాలేసింది. ఆ జాలితోనే కదా మూడేళ్ళు గడిచాయి.

ఇవాళ ఆట మధ్యలో మాస్టారు జేబులోంచి అట్టముక్క తీశాడు. ప్రదర్శనలో బొమ్మల ముందు పెట్టేదట, రంగులు వేసినవారు అని రాసి, కింద ఈయన పేరు. ఈయన నసిగారు. "వచ్చేవారం కుదిరేలా లేదు మాస్టారూ, మా ఆవిడకి ఒంట్లో…"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాను ట్రే పట్టుకునే. కమాండర్ ఫక్కున నవ్వాడు. "రంగులు నేను వేసి చూపిస్తాను. ఏ పటాలానికి ఏ కాలరో ఆయన పక్కన కూర్చుని చెప్తారు. మాకు అలాగే అలవాటు."

"నువ్వేసేదేంటే?" అంది అత్తయ్య పక్కగదిలోంచి.

ఆయన చెయ్యి సంగతి నేనెత్తలేదు. అది ఆయన చెప్పుకోవాల్సిన మాట. నావైపు చూశారు, తలదించుకున్నారు. తర్వాత టేబుల్ కిందనుంచి కుడిచెయ్యి తీసి గడ్డి మీద పెట్టారు. అది వణికిన వణుకుకి పక్కనున్న ఎర్ర కోట్లు ఇద్దరు పడిపోయారు.

"మూడేళ్ళయింది" అన్నారు. "వీళ్ళందరికీ మీసాలు పెట్టింది ఈవిడే."

కమాండర్ పడినవాళ్ళని లేపి నిలబెట్టాడు. "మాకు చెప్తే ఏం పోయిందిరా వెధవా" అని ఆ చేతి మీద తన చెయ్యి వేసి ఉంచాడు. అత్తయ్య గోడ పట్టుకుని నడిచొచ్చింది. ఒక సైనికుణ్ణి కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "కనుబొమలు కూడా ఉన్నాయే వీడికి" అంది చిన్నగా.

మాస్టారు అట్టమీద పేరు కొట్టేసి అడిగాడు. "ఇప్పుడేం రాయమంటారమ్మా? వారి శ్రీమతి అని రాయనా?"

నేను ట్రే కింద పెట్టి నా పేరు చెప్పాను.

పదకొండేళ్ళుగా నా చేతి టీ తాగుతున్న మనిషి, ఇంతవరకూ విననట్టు తలెత్తి చూశాడు. పెన్ను పట్టుకుని "ఇంకోసారి చెప్పండమ్మా" అన్నాడు.