కొత్త చైను, పాత పళ్ళు

రాంగోపాల్‌పేట్‌లో పురుషోత్తం సైకిల్ షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది నోవహు కోసం వచ్చేవాళ్ళు. ఆ సంగతి యజమానికీ తెలుసు, మెకానిక్‌కీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ పైకి అనలేదు.

నోవహు తండ్రి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కొడుక్కి రైల్వే ఉద్యోగం రాలేదు గానీ తండ్రి చెవి వచ్చింది. తిరిగే వస్తువు ఏదైనా సరే, కాసేపు విని ఎక్కడ అరిగిందో చెప్పేవాడు. డబుల్ బార్ సైకిళ్ళ కాలంలో ఆ షాపులో చేరి, ఇప్పుడు కొండలెక్కే గేర్ల సైకిళ్ళ దాకా వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మాట తక్కువ, పట్టింపు ఎక్కువ. ఎవరైనా తన పనికి వంక పెడితే రెండు రోజులు ఇంట్లో భార్య రోసమ్మతో కూడా మాట్లాడేవాడు కాదు.

కల్పలత రెండేళ్ళుగా అతని దగ్గరికే వస్తోంది. నలభై మూడేళ్ళామె. ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. పసిపిల్లలకైనా, ముసలివాళ్ళకైనా మొదటి పోటుకే నరం దొరకబట్టే చెయ్యి అని అక్కడ ఆమెకు పేరు. చిన్నప్పుడు రైల్వే గ్రౌండులో పరుగు పందేలన్నీ గెలిచేదట. పదో తరగతి కాగానే ఇంట్లో మాన్పించారు. నలభై దాటాక తన జీతంతో ఒక పాత మౌంటెన్ బైకు కొనుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ శనివారం పొద్దున ఆమె బండిని నడిపించుకుంటూ వచ్చింది.

"అన్నా, వచ్చే నెల అనంతగిరి గుట్టలల్ల రేసుంది. నలభై దాటిన ఆడోళ్ళకి వేరేగ పెట్టిండ్రు. పేరిచ్చిన. గేర్లు జెర లేటుగ పడ్తున్నయ్. అన్నీ మార్చేటంత నాతోని కాదు. ఏది మారిస్తె ఫాయిదా ఉంటదో నువ్వే చెప్పు."

నోవహు బండిని స్టాండుకు ఎక్కించి పెడల్ తిప్పాడు. వినగానే అర్థమైంది. అయినా చైను సాగిందా లేదా చూసే రేకు తీసి లింకుల మధ్య పెట్టాడు. అది అడ్డం లేకుండా లోపలికి దిగిపోయింది. వెనక చక్రం దగ్గర వంగి, క్యాసెట్ మీది నల్లటి జిడ్డు గుడ్డతో తుడిచి ఆమెకు చూపించాడు. చిన్నా పెద్దా పళ్ళ చక్రాల దొంతరలో నడిమి మూడింటి పళ్ళు కొక్కేల్లా ఒక పక్కకు వంగి ఉన్నాయి.

"గేరు మార్చే డిరైలర్‌కి ఏం కాలేదమ్మా. వైరు మార్చి, అది వేలాడే హ్యాంగర్ తిన్నగ చేస్తే మంచిగ పన్జేస్తది. పోయింది చైను, దాంతోని క్యాసెట్. రెండూ కలిపి మార్చాలె."

"ఒక్క చైను మారిస్తె నడవదా?"

"అది మాత్రం చెయ్యొద్దు. రెండూ కలిసి అరిగినయ్ గనక ఇన్నాళ్ళు సర్దుకున్నయ్. ఈ పళ్ళ మీద కొత్త చైను సరిగ్గ కూసోదు. నువ్వు లేచి నిలబడి గట్టిగ తొక్కంగనే జారుతది."

కల్పలత తలూపింది. బుధవారం డ్యూటీ దిగి వస్తానంది. బండి వేసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం సాయంత్రం ఆమె ఒక్కతే రాలేదు. వాళ్ళ సైకిల్ క్లబ్బు కుర్రాడు రాహుల్ కారు వెనక బండి కట్టుకుని వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సైకిల్ మీద వీడియోలు చూసిన జ్ఞానం. దిగుతూనే మొదలుపెట్టాడు.

"క్యాసెట్‌లో ఏముందక్కా, ఇనుప ముక్క. డిరైలర్ మారిస్తే బండి ఫీలే మారిపోతుంది. ఫస్ట్ అదే అప్‌గ్రేడ్ చెయ్యాలి."

పురుషోత్తం కౌంటర్ వెనక నుంచి లేచాడు. దసరా నుంచి అద్దాల బీరువాలో అమ్ముడుపోకుండా కూర్చున్న డిరైలర్ డబ్బా తీసి, మూత తెరిచి, పెళ్ళి నగలా ముందు పెట్టాడు.

"మేడం, ఇది చూడండి. మా నోవహుకి రైల్వే ఇనుము చూసిన కండ్లు. ఆయనకి అన్నీ అరిగినట్టే కనబడ్తయ్," అని నవ్వాడు.

రాహుల్ నవ్వాడు. నోవహు తలెత్తి చూసేసరికి కల్పలత ముఖంలో కూడా నవ్వుంది.

ఆ నవ్వు అతనికి గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళలో షాపులో ఎందరో ఎన్నో అన్నారు. కానీ ఈమె ముందు, ఈమె కూడా!

"డిరైలర్ తీసుకోండి, చైను నా తరఫున ఫ్రీగ ఏపిస్త," అన్నాడు పురుషోత్తం. "కొత్త డిరైలర్, కొత్త చైను. ఇంకేం కావాలె?"

నోవహు చేతిలో పానా ఆగిపోయింది. ఏది చెయ్యొద్దన్నాడో సరిగ్గా అదే.

కల్పలత అతని వైపు తిరిగింది. "ఏమంటవ్ అన్నా? గిట్ల చేస్తె నడుస్తదా?"

"నన్నెందుకు అడుగుతవమ్మా. తెలిసినోళ్ళని తోల్కొచ్చుకున్నవ్ గద."

"గట్ల కాదు. నువ్వు చెప్పు. నడుస్తదా?"

చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. శనివారం చెప్పిన మాటే మళ్ళీ చెప్తే చాలు. కానీ నా మాట తూచడానికి ఇంకొకణ్ణి తెచ్చుకుని, ఇప్పుడు నన్నే అడుగుతుందా అనుకున్నాడు.

"నడుస్తది," అన్నాడు.

గంటలో పని అయిపోయింది. స్టాండు మీద చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. కల్పలత గల్లీ చివరిదాకా తొక్కి వచ్చింది. "మస్కా లెక్క ఉందన్నా!" అంది సంబరంగా. చదునైన గల్లీలో చైను జారదని నోవహుకు తెలుసు. ఆమె హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటున్నప్పుడైనా చెప్పొచ్చు. అతను చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

తరవాతి రోజుల్లో ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఆమె నంబరు షాపు పుస్తకంలో ఉంది. ఒకసారి నొక్కబోయి ఆగాడు. ప్రాక్టీసులో ఎక్కడో ఒకచోట జారుతుంది, అప్పుడు తనే వస్తుంది, 'నువ్వు చెప్పిందే నిజమన్నా' అంటుంది, అనుకున్నాడు. నిజానికి అతను ఎదురు చూసింది ఆ మాట కోసమే. ల్యాబులో రెండు షిఫ్టులు చేస్తూ ఆమె రేసు దాకా చదునైన నెక్లెస్ రోడ్డు మీద తప్ప ఎక్కడా తొక్కలేదని అతనికి తెలియదు.

రేసు అయిన మర్నాడు రాహుల్ ఒక్కడే వచ్చాడు. కారు వెనక హ్యాండిల్ వంకరపోయిన బండి.

"మూడో రౌండ్ అంకుల్. సెకండ్ ప్లేస్‌లో ఉంది. లాస్ట్ ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడింది, చైన్ టకామని జారింది. రాళ్ళ మీద పడింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు." తరవాత తనే తేల్చేశాడు. "బలం పెట్టినప్పుడు గేర్ మార్చొద్దని చెప్పాను. మార్చినట్టుంది."

"అంతే. కొత్త గద, అనుభవం లేదు," అన్నాడు పురుషోత్తం.

నోవహు వంగి క్యాసెట్ చూశాడు. కొత్త చైను ఎక్కి దిగిన గీతలు పళ్ళ కొసల మీద తళతళమంటున్నాయి.

"గేరు మార్చలేదు," అన్నాడు మెల్లగా.

"ఏందీ?" అన్నాడు పురుషోత్తం.

"ఏం లేదు సేటు," అని నోవహు హ్యాండిల్ తిన్నగా చేసి, బండిని మళ్ళీ రాహుల్ కారుకు కట్టాడు.

రెండు నెలల తరవాత ఒక మధ్యాహ్నం కల్పలత వచ్చింది. పురుషోత్తం భోజనానికి వెళ్ళాడు. ఆమె కుడి చేతికి నల్లటి పట్టీ ఉంది. వేళ్ళు కొద్దిగా వాచి ఉన్నాయి.

"బండి అమ్మేద్దామనుకుంటున్న అన్నా. సేటుకి చెప్పు."

నోవహు స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. ఇన్ని రోజులూ ఎలా చెప్పాలో మనసులో అల్లుకున్నవన్నీ పోయి, మాట నేరుగా వచ్చేసింది.

"నువ్వు పడ్డది నీ తప్పు వల్ల కాదమ్మా. చైను వల్ల. పాత పళ్ళ మీద కొత్త చైను."

ఆమె అతన్ని చూసింది. "నువ్వు నడుస్తదన్నవ్."

"అన్న."

"జారుతదని తెలుసా, అప్పుడు?"

"తెలుసు."

"మరి ఎందుకన్నవ్?"

"ఆ పిలగాణ్ని తోల్కొచ్చినవ్. నా మాట మీద నమ్మకం లేదనుకున్న. సేటు నన్ను ఎగతాళి చేస్తె నువ్వు సుత నవ్వినవ్. కోపమొచ్చింది."

ఎదురుగా రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆమె వాటిని చూస్తూ చేతి పట్టీ సర్దుకుంది.

"రాహుల్‌ని నేను తోల్కరాలే," అంది చివరికి. "ఆ రోజు డ్యూటీ లేటైంది. షాపు బందయితదని బండి కారుకి కట్టుకొచ్చిండు. చైనుకి, క్యాసెట్‌కి అని పైసలు సుత బ్యాగుల పెట్టుకొనే వచ్చిన. సేటు నవ్విండు, నేను నవ్విన. నలుగురిల నవ్వకపోతె ఏం చెయ్యాలె? కాని నిన్నడిగిన. ఒక్కసారి కాదు, రెండు సార్లు అడిగిన. నువ్వు వద్దంటె ఆ డబ్బా ముట్టకపోతుంటి."

"తప్పయింది తల్లీ. మాఫ్ చెయ్యి."

"సూది పట్టుకుంటె చెయ్యి వణుకుతది. కౌంటర్ల కూసోబెట్టిండ్రు, రసీదులు రాయడానికి. అదీ ఎడమ చెయ్యితోని." ఆమె గొంతు పెంచలేదు. "ఇరవై ఏండ్లల్ల నేను సుత తప్పు నరం గుచ్చిన. ఎంతమందికో తక్లీఫ్ ఇచ్చిన. కాని కోపంతోని ఎవ్వర్నీ గుచ్చలే."

నోవహు చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల వైపు చూడలేదు.

"మాఫీ మీ చర్చిల అడుక్కోండ్రి. నన్ను అడగకుండ్రి," అంది. రెండేళ్ళలో ఆమె అతన్ని బహువచనంతో పిలవడం అదే మొదటిసారి. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పురుషోత్తం తిరిగి వచ్చాక నోవహు జరిగింది చెప్పాడు. ఆమె పడింది మనం వేసిన చైను వల్లే అన్నాడు. పురుషోత్తం పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు.

"నాకేం తెలుసయ్యా? నేను అమ్మేటోణ్ణి. నడుస్తదా అని ఆమె అడిగితె నడుస్తదన్నది నువ్వే గద. నీ మాట మీదనే ఇచ్చిన," అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే అన్నాడు.

నోవహు పానా తీసుకుని స్టాండు దగ్గరికి వెళ్ళాడు.

ఆ వారమే బండి షాపుకు చేరింది. అమ్మకానికి పెట్టేముందు మంచి క్యాసెట్ వెయ్యమన్నాడు పురుషోత్తం. నోవహు పాతది ఊడదీసి కొత్తది బిగించాడు. మొదటి రోజు తను చెప్పినట్టే ఉంది ఇప్పుడు బండి. మూడో రోజు మారేడ్‌పల్లి నుంచి ఒకాయన వచ్చి నచ్చిందన్నాడు.

"పాత ఓనర్ ఎందుకమ్ముతున్నారు?"

"టైం దొరకదట," అన్నాడు పురుషోత్తం.

"పడిపోయింది," అన్నాడు నోవహు. "చెయ్యి విరిగింది. తప్పు ఆమెది కాదు, బండిది కాదు. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేసి నడుస్తదని చెప్పిన. నేనే చెప్పిన."

వచ్చినాయన పురుషోత్తం వైపు, తరవాత బండి వైపు చూశాడు.

"ఇప్పుడు బాగుందా మరి?"

"బాగుంది."

"చాలు," అని ఆయన ఫోన్ తీసి డబ్బు పంపాడు. బండి ఎక్కి, గేరు మార్చి, గల్లీ మలుపు తిరిగాడు. అంత దూరం నుంచి కూడా నోవహుకు చైను చప్పుడు వినబడింది. ఎక్కడా తేడా లేదు.