గుట్టుగా చేసే దానం

క్లీవ్‌ల్యాండ్‌లో మా యూదుల గుడి, సినగాగ్ కమిటీ, పేద పిల్లల్ని వేసవి క్యాంపుకి పంపడానికి చేసే సాయం పరమ రహస్యం. దానం గుట్టుగా చెయ్యమన్నారు మా పెద్దలు. ఈసారి నర్సు రివా తన కూతురు తిర్జా కోసం అడిగింది. క్లాసులో క్యాంపుకి వెళ్లనిది ఆ పిల్లొక్కతే.

"పేరు బయటికి రాదమ్మా," అంది అధ్యక్షురాలు మార్సియా. "దాతల విందులో పిల్ల స్టేజీ ఎక్కి మూడు నిమిషాలు ఏడిస్తే చాలు."

"పేరు చెప్పకుండానా?"

"మొహం కనిపిస్తుందిగా!"

"ఏడవడానికైతే మా ఇల్లు చాలు లెండి, మార్సియా గారూ," అని రివా దరఖాస్తు వెనక్కి తీసుకుంది.

"లేనివాళ్లకి ఎంత పొగరో!" అని మార్సియా నిట్టూర్చింది. తిర్జా క్యాంపుకి ఇవ్వాల్సిన డబ్బుతో విందుకి పొగబెట్టిన సాల్మన్ చేప తెప్పించాం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. చేప చాలా రుచిగా ఉంది, అదే నాకు రోత.